గేటు తీసి పెట్టిన ఓడ

మా అన్న కూతురు ఆక్లాండ్‌లో ఉంటుంది. 2025 జూలైలో ఒకరోజు ఫోన్ చేసి, "చిన్నాయనా, రెయిన్‌బో వారియర్ ఎక్కొచ్చినా" అంది. పర్యావరణం కోసం పోరాడే గ్రీన్‌పీస్ అనే సంస్థ వాళ్ళ ఓడ. 1985 జూలై 10 రాత్రి ఆ ఊరి రేవులోనే ఫ్రాన్స్ గూఢచారులు బాంబులు పెట్టి ముంచేశారే, ఆ ఓడ పేరు పెట్టుకున్న మూడో ఓడ ఇది. నలభై ఏళ్ళు నిండాయని అక్కడికి తెచ్చి, ఎవరైనా ఎక్కి చూడొచ్చన్నారట. డబ్బులు అక్కర్లేదు, లైన్లో నిలబడే ఓపిక ఉంటే చాలు.

ఆ పిల్ల చెప్పిన కబుర్లలో సముద్ర రక్షణ గురించిన ఉపన్యాసం పెద్దగా లేదు. యాభై మీటర్లు దాటిన ఎత్తుతో ఇంగ్లీషు 'ఎ' అక్షరంలా నిలబడిన స్తంభాలు, గాలి ఉన్నప్పుడు తెరచాపలతో, లేనప్పుడు ఇంజన్‌తో నడిపే పద్ధతి, ఓడ నడిపే గదిలో పిల్లలు ఫొటోల కోసం పడిన తోపులాట, ఇవీ కబుర్లు. ఒక బుడ్డోడు అక్కడి మనిషిని పట్టుకుని "మీ లెట్రిన్ నీళ్ళు ఎక్కడికి పోతాయి?" అని అడిగాడట. అతను నవ్వి ఊరుకోకుండా, తొట్టి ఎక్కడుంది, శుద్ధి ఎలా చేస్తారు అని ఓపిగ్గా చెప్పాడట. నాకు మిగతా కబుర్లన్నిటికంటే ఇది బాగా పట్టుకుంది.

నేను కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. సముద్రాన్ని కాపాడాలనే మాట ఏడాదికోసారి మా బడికి కూడా వస్తుంది. ఎక్కువగా సెప్టెంబరులో, తీరం శుభ్రం చేసే కార్యక్రమం రూపంలో. బ్యానర్, టోపీలు, చేతికి గ్లోవ్స్, గంటన్నర పని, గ్రూప్ ఫొటో, టిఫిన్. టిఫిన్ పొట్లాల ప్లాస్టిక్ ఎటు పోయిందో ఎవరూ అడగరు. ప్రపంచ సముద్ర దినోత్సవం జూన్ 8న. అప్పుడు మాకు ఎండాకాలం సెలవులు కాబట్టి ఆ బాధ లేదు.

ఆ ఓడ నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఏదైనా ఉంటే, అది జనాన్ని ఎక్కి చూడనిచ్చే ఆ అలవాటే అని నాకు అప్పటినుంచీ అనిపిస్తోంది. నినాదాలు మన దగ్గరా కావలసినన్ని ఉన్నాయి. మన తీరంలో సముద్రంతో పని ఉన్న ఏ చోటుకైనా మామూలు మనిషి వెళ్ళి, చూసి, ఒక ప్రశ్న అడిగి రాగలడా? ఇది తేలనంతకాలం రక్షణ గురించి ఎంత చెప్పినా పిల్లల బుర్రకెక్కదు, పెద్దల బుర్రకు అసలే ఎక్కదు. ఈ మాట మీద నాకున్న అనుమానాలు కూడా రాస్తాను.

మనకు కనిపించే సముద్రం

కావలి నుంచి తుమ్మలపెంట బీచ్‌కి ఆటోలో పోయి రావచ్చు. నెల్లూరు వాళ్ళకు మైపాడు, కొత్తకోడూరు. ఒంగోలు వాళ్ళకు కొత్తపట్నం. కార్తీక పౌర్ణమికి స్నానం, ఆదివారం సాయంత్రం బజ్జీలు, ఫొటోలు. టౌన్ మనిషికి సముద్రంతో ఉన్న సంబంధం చాలావరకు ఇంతే. మిగతాది పులుసులో. వంజరమో చందువానో ఐసు పెట్టిన థర్మోకోల్ పెట్టెలో వస్తుంది. దాన్ని పట్టిన మనిషి ఎవరో, ఏ వలతో పట్టాడో కొనేవాడికి అవసరం లేదు.

రాష్ట్రానికి తీరం పొడవు 974 కిలోమీటర్లని ఏళ్ళ తరబడి పిల్లలతో బట్టీ పట్టించాం. ఇప్పుడు కొత్త లెక్కలో 1,053 అయింది. సముద్రం ఎక్కడా పెరగలేదు. ఒంపుల్ని ఇంకా దగ్గరగా కొలిచారు, అంతే. కొలిచేకొద్దీ పెరిగే తీరం గురించి ఒక పీరియడ్ మొత్తం చెప్పొచ్చు. పరీక్షలో వచ్చేది మాత్రం అంకె ఒక్కటే.

ఇక ఆ తీరం పొడవునా పని జరిగే చోట్లు చూడండి. కృష్ణపట్నంలో పోర్టు. పక్కనే నేలటూరులో థర్మల్ పవర్ స్టేషన్. ఇటు రామాయపట్నంలో ఇంకో పోర్టు లేస్తోంది. వాటి మధ్య ఒడ్డు పొడవునా రొయ్య పిల్లల హేచరీలు. జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బర్ కట్టారు. వీటిలో చాలావాటికి ప్రహరీ, గేటు, గేటు దగ్గర రిజిస్టర్. నాకు తెలిసి గేటు లేనివి ఇస్కపల్లి ఉప్పు కొటార్లు. అక్కడ అడ్డం పెట్టేవాళ్ళు లేరు, ఆ ఎండలో నిలబడి మనకు చెప్పే తీరిక కూడా ఎవరికీ ఉండదు.

ఒక హేచరీకి వెళ్ళి, మా బడి పిల్లల్ని చూపించడానికి తీసుకురావచ్చా అని అడిగాను. బయోసెక్యూరిటీ సార్, కుదరదు అన్నారు. ఆ కారణాన్ని నేను తీసిపారెయ్యను. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు మన జిల్లాలో ఎన్ని చెరువులు ఎండబెట్టుకున్నారో చూసిన తరం మాది. బయటివాళ్ళ చెప్పుల్ని చూసి వాళ్ళు భయపడ్డారంటే దానికి అర్థం ఉంది. ఇంకోచోట మాత్రం అలాంటి కారణమేమీ లేదు. సముద్రం మీద గస్తీ తిరిగే పడవను పిల్లలకు ఒడ్డునే, కట్టేసి ఉన్నప్పుడే చూపించమని ఒక ఆఫీసుకు లెటర్ పెట్టాను. వెళ్ళి అడిగితే లెటర్ పైకి పంపామన్నారు. పైనుంచి అది ఇంకా కిందికి దిగలేదు.

విశాఖలో నేవీ డే వస్తే యుద్ధనౌకలు ఎక్కనిస్తారు. ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామిని 2002 నుంచి టికెట్ పెట్టి చూపిస్తున్నారు. యుద్ధానికి కట్టిన నౌకలోకే జనాన్ని పంపగలిగిన దేశం మనది. చేపల బోటు దగ్గర, గస్తీ పడవ దగ్గర అంత గుట్టు దేనికో నాకు అర్థం కాదు.

తాబేలును ఎవరు చంపారు

జనవరి, ఫిబ్రవరి నెలల్లో తుమ్మలపెంట వైపు నడిస్తే ఒడ్డున చచ్చిన తాబేళ్ళు కనిపిస్తాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే కాలం అది. 2025 జనవరిలో చెన్నై తీరంలో వందల సంఖ్యలో కొట్టుకొచ్చినప్పుడు పేపర్లన్నీ రాశాయి. మనవైపు రెండు మూడు వస్తే అది వార్త కాదు.

మా తొమ్మిదో తరగతి పిల్లలతో పోయినప్పుడు అలాంటిదొకటి కనిపించింది. కళ్ళు ఉబ్బి, మెడ వాచి ఉంది. టౌన్ నుంచి వచ్చే పిల్లోడొకడు "జాలర్లు చంపారు సార్" అన్నాడు. పక్కనే పట్టపుపాలెం, అంటే జాలర్ల ఊరి, పిల్లోడు ఉన్నాడు. వాడికి కోపం వచ్చింది. "మా నాయన వల్లో పడితే దండం పెట్టి వదిలేస్తాడు. చిక్కుకుంటే వల కోసి మరీ వదుల్తాడు. వల కొయ్యడమంటే ఎంత నష్టమో నీకు తెలుసా?" అన్నాడు. వాడు చెప్పింది నిజం. తాబేలంటే కూర్మావతారం, అది చస్తే ఇంటికి మంచిది కాదని పాలేల్లో పెద్దవాళ్ళ నమ్మకం.

మరి చంపింది ఏది? తాబేలుకు చేపలా మొప్పలు లేవు. మధ్యమధ్యలో పైకి వచ్చి ఊపిరి పీల్చుకోవాలి. రొయ్యల కోసం పెద్ద మర బోట్లు అడుగు వలను గంటల తరబడి లాగుతాయి. అందులో చిక్కితే అది పైకి రాలేదు, ఊపిరాడక చస్తుంది. దీనికి విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. వల గొంతులో ఏటవాలుగా ఒక ఇనుప జాలీ పెడతారు. రొయ్యలు సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు జాలీకి తగిలి పైనున్న కంత గుండా బయటపడుతుంది. పెద్ద చేపలు కూడా కొన్ని అదే దారిన పోతాయి. బోటు వాళ్ళకు అది పెట్టడం ఇష్టం లేకపోవడానికి కారణం అదే.

ఇదంతా ఇసుక మీద కర్రతో గీసి చెప్పాను. పాలెం పిల్లోడు విని, "అది చూపించండి సార్" అన్నాడు. నా దగ్గర ఏముంది చూపించడానికి? వాడు సముద్రం పక్కనే పుట్టాడు, చట్టంలో ఉన్న ఆ జాలీని వాడు ఎన్నడూ చూడలేదు. నేనూ బొమ్మలోనే చూశాను. ఆ జాలీ లేదని సముద్రంలో పట్టిన మన రొయ్యల్ని అమెరికా 2019 నుంచి కొనడం మానేసింది. చెరువు రొయ్యలకు ఆ ఇబ్బంది లేదు. కొనేవాడు సముద్రం అవతలి నుంచి అడిగితే తప్ప ఇవతల మన దృష్టికి రాలేదన్నది నాకు కొంచెం మింగుడు పడని విషయమే.

పెద్దాయన అడిగిన ప్రశ్న

ఆ పిల్లోడి తాత ఇప్పుడు వేటకు పోవడం లేదు. ఒడ్డున కూర్చుని వలలు బాగు చేస్తాడు. మా అన్న కూతురు పంపిన ఫొటోలు ఆయనకు చూపించాను. ఆకుపచ్చ ఓడను ఫోన్లో అటూ ఇటూ జరిపి చూసి, "ఈళ్ళకేం పని సార్ సముద్రంలో?" అన్నాడు.

సముద్రాన్ని కాపాడాలని తిరుగుతుంటారని చెప్పాను. "ఎవురి దగ్గిర్నించి?" అన్నాడు వెంటనే.

నేను నీళ్ళు నమిలాను. ఎందుకంటే రక్షణ అనే మాట ఆయన దాకా ఏ రూపంలో వస్తుందో నాకు తెలుసు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆపాలి. పాలెం ఆపుతుంది. ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో పది వేల నుంచి ఇరవై వేలు చేశారు, అది వేరే సంగతి. నిషేధం అయిపోయాక ఏం జరుగుతుందన్నది ఆయన బాధ. "మేవు రొండు నెల్లు ఇంట్లో కూసుంటాం. మళ్ళీ సముద్రం మీదికి పొయ్యేలోపల సోనా బోట్లోళ్ళు వొచ్చి అడుగుతో సహా ఊడ్చకపోతారు. వాళ్ళకి ఎవురు జెప్తారు?"

సోనా బోట్లంటే కడలూరు, నాగపట్నం వైపు నుంచి వచ్చే పెద్ద ఇంజన్ల బోట్లు. మన రాష్ట్ర చట్టం 1994 నాటిది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మర బోట్లు వేట చెయ్యకూడదు. ఆ మేర తెప్పలకు, చిన్న పడవలకు వదిలిపెట్టాలి. నీళ్ళ మీద గీత ఎవరికీ కనపడదు. కనపడేది తెగిన వలలే. రాత్రిపూట పెద్ద బోటు చిన్నవాళ్ళ వలల మీదుగా పోతే ఒక కుటుంబం అప్పు ఇంకో ఏడాది సాగుతుంది. మన వాళ్ళు అప్పుడప్పుడు ఆ బోట్లను పట్టుకుని ఒడ్డుకు తేవడం, పోలీసులు, కలెక్టర్ దగ్గర చర్చలు, మళ్ళీ మామూలే. ఇవన్నీ ఇక్కడి వాళ్ళకు కొత్త కాదు.

ఆయనకు ఇంకో ముచ్చట చెప్పాను. ఆక్లాండ్‌లో మునిగిన ఆ మొదటి ఓడ అసలు చేపల పరిశోధన కోసం 1955లో స్కాట్లాండులో కట్టిన ట్రాలర్. దాన్నే కొనుక్కుని, రంగేసి, పేరు మార్చారు. ఆయన పకపకా నవ్వాడు. "అంటే ఇదీ మర బోటేనా!"

ఆ తర్వాత రోంగెలాప్ కథ చెప్పాను. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబు పరీక్ష చేసింది. దాని బూడిద రోంగెలాప్ దీవి మీద పడింది. అది ఏమిటో తెలియక పిల్లలు అందులో ఆడుకున్నారు. ఆ జనాన్ని తీసుకుపోయి, 1957లో ఇక ఫరవాలేదని వెనక్కి తెచ్చి దించారు. పిల్లలకు గొంతు దగ్గర గడ్డలు, ఆడవాళ్ళకు గర్భస్రావాలు. ఇక్కడ ఉండలేం, తీసుకుపొమ్మని వాళ్ళు అడిగితే వినేవాళ్ళు లేకపోయారు. చివరికి 1985 మేలో ఈ ఓడ వెళ్ళి, సుమారు 300 మందిని విడతలు విడతలుగా మెజాటో అనే ఇంకో దీవికి చేర్చింది. విప్పదీసిన ఇళ్ళ చెక్కలు, సామాన్లతో సహా. అది పూర్తిచేసి రెండు నెలలు తిరక్కుండానే ఆక్లాండ్‌లో మునిగిపోయింది. ఫెర్నాండో పెరీరా అనే ఫొటోగ్రాఫర్ అందులో చనిపోయాడు.

పెద్దాయన వల పక్కన పెట్టి విన్నాడు. అన్నీ విని అడిగింది ఒకటే: "వాళ్ళు పిలిస్తే వొచ్చిందా, అదే వొచ్చిందా?"

పిలిస్తేనే వచ్చిందని చెప్పాను. "అయితే బాగుండాది" అన్నాడు.

ఆయన ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఈ పాలేలకు ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. ఎవరొచ్చినా ఇచ్చింది బోటే. పడవ లేనివాడికి వచ్చింది, రెండున్నవాడికి మూడోది వచ్చింది, వేటకు ఎన్నడూ పోనివాడికి కూడా వచ్చింది. అదే సముద్రంలో, అవే చేపల మీద ఎన్ని పడవలు పడాలో ఎవరూ లెక్క వెయ్యలేదు. "మంచికే ఇచ్చారు సార్, కాదన్ను. మీకేం కావాల అని మాత్రం ఒక్కడు అడగలా" అన్నాడు.

చూసినంత మాత్రాన

ఇక్కడికి నా వాదన బలంగానే ఉన్నట్టు ఉంటుంది. కానీ చూస్తే ప్రేమ పుడుతుంది, ప్రేమ పుడితే కాపాడతారు అనే లెక్క నాకే పూర్తిగా నమ్మకం లేదు.

సూళ్ళూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్ చూడండి. జిల్లా విడిపోయి తిరుపతిలో కలిసినా మా నెల్లూరోళ్ళకు అది ఇంకా మా పండగే. బస్సులేసి జనాన్ని తెస్తారు. టెలిస్కోపులో కన్ను పెట్టి దూరాన గులాబి చుక్కలు చూసి, రాత్రికి సినిమా వాళ్ళ డ్యాన్సులు చూసి పోతారు. పక్షికి ఒరిగింది ఏమిటని అడిగితే నేను జవాబు చెప్పలేను.

నేలపట్టు ఊరి సంగతి వేరు. అక్కడి చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. వాటి రెట్ట పడిన నీళ్ళు పొలాలకు పారితే పంటకు ఎరువు. అందుకే ఆ ఊరివాళ్ళు తరతరాలుగా వాటి జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. వాళ్ళకు టెలిస్కోపు అక్కర్లేకపోయింది.

కాబట్టి చూడటం కంటే సంబంధం బలమైనదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అయితే ఆ సంబంధం టౌన్ మనిషికి కూడా ఉంది, అతనికి అది కనపడటం లేదని నా అభిప్రాయం. నెల్లూరు జిల్లాలో ఏదో ఒక రకంగా రొయ్య డబ్బు తగలని బజారు లేదు. మేత, ఐసు, లారీ, కరెంటు మోటారు, బంగారం కొట్టు, ఇంజనీరింగ్ కాలేజీ ఫీజు. మా స్కూల్లో ఒక పిల్లాడి తండ్రి, ఆక్వా రైతు, నాతో అన్న మాట ఇది: "క్రీకులో పైవాడు వదిలిన నీళ్ళే కిందవాడు తోడుకుంటాడు సార్. వాడి చెరువులో జబ్బు నా చెరువుకు రావడానికి టికెట్ కొనుక్కోవాలా?" సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పు, 2005లో వచ్చిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, తీర నియంత్రణ పరిధిలో 5 హెక్టార్లు దాటితే నీటిని శుద్ధి చేసే ఏర్పాటు ఉండాలన్న నిబంధన, ఇవన్నీ ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆ ఏర్పాటు సరిగ్గా పనిచేస్తున్న చెరువు ఒకటి చూపించమంటే మాత్రం ఆయన నవ్వాడు.

పట్టపుపాలెం పిల్లోడు జాలీ చూపించమన్నాడు, నేను ఈ రైతును శుద్ధి చెరువు చూపించమన్నాను. ఇద్దరికీ దొరకలేదు. కాగితం మీద రాసినదాన్ని కంటితో చూసే అవకాశం జనానికి ఉంటే, అది లేనిచోట లేదని కూడా జనానికే తెలుస్తుంది. ప్రేమ సంగతి తర్వాత. నాకు తలుపులు తెరవడం మీద ఉన్న ఆశ చాలావరకు ఇదే.

మా స్టాఫ్ రూంలో ఇంకో అభ్యంతరం వచ్చింది. ఇంగ్లీషు మాస్టారు సూటిగా అన్నాడు: "అది ప్రచార ఓడ. ఎక్కించుకునేది సభ్యత్వానికి, చందాకి. ఇక్కడికొస్తే రామాయపట్నం పోర్టు ఆపమంటారు. మన పిల్లలకు ఉద్యోగాలు నువ్విస్తావా?" ఇందులో మొదటి ముక్క నిజమే. అది ప్రచారమే. వాళ్ళు దాచలేదు కూడా. మన ప్రభుత్వానికీ వాళ్ళకూ పడలేదన్నదీ అందరికీ తెలిసిందే. విదేశీ విరాళాలు తీసుకునే రిజిస్ట్రేషన్‌ను 2015లో రద్దు చేశారు. వాళ్ళు చెప్పేవన్నీ వేదవాక్కులని నేనూ అనడం లేదు. కొన్నిటిలో వాళ్ళది ఒంటికన్ను చూపే.

కానీ ప్రచారం ఎవరు చెయ్యడం లేదు? ఊరి బయట హోర్డింగుల మీద నవ్వుతున్న మత్స్యకార దంపతుల బొమ్మలు ప్రచారం కాదా? హోర్డింగును మీ లెట్రిన్ నీళ్ళు ఎక్కడికి పోతాయని అడగలేం. ఓడ ఎక్కితే అడగొచ్చు. ఎదుటివాడు అబద్ధం చెప్పినా మొహం చూసి చెప్పాలి. నేను పోర్టులకు వ్యతిరేకిని కాను. మా బడి నుంచి బయటికిపోయిన పిల్లలు అక్కడ పని చేస్తున్నారు. ఏడాదికి ఒకరోజు ఆ పోర్టులు గేటు తీసి, ఓడలోంచి దిగే బొగ్గు పొడి ఎగరకుండా ఏం చేస్తారో, ఓడకు ఏమైనా అయితే ఒడ్డుకు కబురు ఎవరు చెప్తారో చూపిస్తే, ఇంగ్లీషు మాస్టారి వాదనకే బలం వస్తుంది గదా! 2025 మేలో కొచ్చి దగ్గర ఎం.ఎస్.సి. ఎల్సా 3 మునిగింది. కంటెయినర్లు, వాటిలోంచి చిందిన సన్నటి ప్లాస్టిక్ గుళికలు కేరళ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. తర్వాతే ఆ ఓడలో ఏముందో జనం ఆరా తీశారు. రాత్రిపూట మనకు దూరంగా దీపాలతో నిలబడి కనిపించే ఓడల్లో ఏముందో మనలో ఎంతమందికి తెలుసు?

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే అనుమానం ఇంకొకటి. ఆ ఓడ కొన్నేళ్ళుగా గట్టిగా మాట్లాడుతున్నది మహాసముద్రాల గురించి, అంటే ఏ దేశానికీ చెందని, 200 నాటికల్ మైళ్ళకు అవతలి నీళ్ళ గురించి. దానికోసం 2023లో ఐక్యరాజ్యసమితిలో ఒక ఒప్పందం కుదిరింది. 2025 సెప్టెంబరుకు 60 దేశాలు ఆమోదించడంతో 2026 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చింది. మంచిదే. మన పెద్దాయన గొడవ మాత్రం 8 కిలోమీటర్ల లోపల ఉంది. అంతదూరపు నీళ్ళ మీద ప్రపంచం ఒక మాట మీదికి రాగలిగింది, ఒడ్డున నిలబడితే కంటికి ఆనేంత దూరంలో ఉన్న గీతను రెండు పక్కపక్క రాష్ట్రాలు నిలబెట్టలేకపోతున్నాయి. ఆలివ్ రిడ్లీకి ఈ గీతలన్నీ ఒకటే, అది రెండు చోట్లా ఈదుతుంది. ఆ ఓడే ఇక్కడికి వస్తే దాని పోస్టర్లలో సోనా బోటు ఉంటుందా? ఉండదనే అనుకుంటున్నాను. అందుకే ఆ ఓడ వస్తుందని ఎదురుచూడటం నాకు పెద్దగా ఇష్టం లేదు. మనకు ఓడలు లేవా ఏమిటి?

రెండు సెలవులు ఒకేసారి

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. మా బడులకు సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా. రెండూ దాదాపు ఒకేసారి. బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి. ఇంజన్లు విప్పి బాగు చేసుకుంటారు, వలలు పరిచి కుట్టుకుంటారు, మనుషులు ఇళ్ళ దగ్గరే ఉంటారు. పిల్లలు ఇళ్ళల్లో ఫోన్లు పట్టుకుని ఉంటారు. ఈ రెండింటినీ కలపాలని ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదా, తట్టినా ఎండకు భయపడ్డారా? ఎండ మామూలుది కాదు, ఒప్పుకోవాలి. రోహిణీ కార్తెలో నెల్లూరు, ఒంగోలు ఎండ గురించి చెప్పక్కర్లేదు. తెల్లారి ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించాలి. చేపల రేవుకు ఎలాగూ అదే అసలు టైం.

నేను అనుకుంటున్నది చాలా చిన్నది. జువ్వలదిన్నె హార్బర్లోనో, ఏదైనా పాలెం ఒడ్డునో రెండు మూడు పడవలు. ఒక తెప్ప, ఒక ఫైబర్ బోటు, కుదిరితే ఒక మర బోటు. పడవకు ఒక మనిషి, ఆయనకు రోజు కూలీ. ఆయనే చెప్పాలి, మేం టీచర్లం మైకు పట్టుకోకూడదు. ఏ వలకు ఏ చేప పడుతుంది, వల కన్ను ఎంత ఉండాలి, కన్ను సన్నమైతే ఏమవుతుంది, తుఫాను కబురు ఎలా వస్తుంది, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళు చేపలు ఎక్కడున్నాయో చెప్పే సమాచారాన్ని వీళ్ళు ఎంతవరకు నమ్ముతారు. చేపలమ్మే ఆడవాళ్ళు కూడా ఉండాలి. నెత్తళ్ళు, కవళ్ళు ఎండబెట్టే లెక్క, వడ్డీ లెక్క వాళ్ళకే తెలుసు. అన్నిటికంటే ముందు ఆ ఇనుప జాలీ ఒకటి ఎక్కడినుంచైనా తెచ్చి వల గొంతులో కట్టి చూపించాలి. దాని వల్ల ఎంత చేప పోతుందో బోటు ఓనరు పిల్లల ముందే చెప్పాలి. తాబేలు గురించి నేను చెప్పేది, చేప గురించి ఆయన చెప్పేది, రెండూ వాళ్ళు వినాలి.

ఇది కూడా ఫెస్టివల్ అయిపోతుందేమో అని భయం లేకపోలేదు. రెండో ఏడాదికే స్టేజీ, శాలువాలు, ముఖ్య అతిథి వచ్చేస్తారు. పడవ మనిషిని పక్కకు జరిపి ఇంకెవరో మాట్లాడతారు. దానికి నా దగ్గర మందు లేదు. బ్యానర్ కట్టకపోవడం ఒక్కటే తోచింది.

ఒక ఆఫీసులో ఈ ఆలోచన చెప్తే, "ఏ హెడ్ కింద ఖర్చు రాయాలండీ?" అన్నారు. పిల్లలకు ఏమైనా అయితే బాధ్యత ఎవరిది అని మా హెడ్మాస్టరు. కట్టేసిన పడవ ఎక్కితే ఏమవుతుందండీ అంటే, సెలవుల్లో పిల్లల్ని తీసుకుపోవడానికి తల్లిదండ్రుల సంతకాలు, డి.ఇ.ఓ. పర్మిషన్ కావాలన్నారు. అది న్యాయమైన మాటే, సంతకాలు మొదలుపెట్టాం.

పాలెంలో అడిగితే పని తొందరగా తేలింది. పెద్దకాపులు, అంటే పాలెం పెద్దలు, కూర్చుని మాట్లాడుకున్నారు. పెద్దాయన వచ్చి, "పడవలు మేవు పెడతాం, కూలీ సంగతి తర్వాత చూద్దాం. పిల్లోళ్ళకి చేపల పులుసు, అన్నం మా ఆడోళ్ళు వొండుతారు. బస్సు మాత్రం మీరే సార్" అన్నాడు. ఇంకో షరతు కూడా పెట్టాడు. గస్తీ పడవ వాళ్ళను, చేపల శాఖ వాళ్ళను కూడా పిలవాలట. పిల్లల ముందు వాళ్ళను ఆయన ఒక ప్రశ్న అడగాలట. ఏ ప్రశ్నో నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఆ రెండు ఆఫీసులకూ పోయినవారం లెటర్లు పెట్టాను. బస్సుకు ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు డీజిల్ పోసుకుంటే ఇస్తామన్నారు.